దారాన్ని పట్టుకునే మందు

"టీచరుగారూ, మీ మిషన్ బాగుంది," అన్నాడు మెకానిక్ ఫోన్లో.

నేను తొమ్మిదో తరగతి గదిలో ఉన్నాను. బోర్డు మీద ఆకు అడ్డుకోత సగం వరకు గీశాను. పాఠం మధ్యలో ఫోన్ తీయడం ఒకప్పుడు నాకు అలవాటు లేదు. ఎనిమిది నెలలుగా తీస్తున్నాను. దాని గురించి ఎవరూ నన్నేమీ అడగలేదు, హెడ్మాస్టరుతో సహా.

"సంతోషం," అన్నాను. "అది చెప్పడానికే చేశారా?"

"కాదండీ. మిషన్ బాగుందని ముందు చెబితే మీరు కంగారుపడరని. బాగాలేనిది పిన్నిగారి కాలు."

వెనకనుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "నా కాలికేం రోగం. నీకు పని రాక నా కాలి మీద పెడుతున్నావు."

మాట ముద్దగా లేదు. ఎప్పటిలాగే పదునుగా ఉంది. మొదట అది చూసుకున్నాను. ఆ తర్వాతే సుద్దముక్క కింద పెట్టాను.

తర్వాత విన్నవన్నీ వరసలో పెడితే ఆ ఉదయం జరిగింది ఇది. మా అత్తగారు ముప్పై ఎనిమిదేళ్లుగా బట్టలు కుడుతున్నారు. అన్నేళ్లు మిషన్ తొక్కిన మనిషికి తన కాలు ఎక్కడ అయిపోయి పెడల్ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. యూనిఫారం చొక్కాలు కుడుతుండగా ఉన్నట్టుండి పెడల్ బరువెక్కింది. ఆవిడ మిషన్‌కి నూనె వేశారు. బరువు తగ్గలేదు. బెల్టు ఊడదీసి మళ్లీ బిగించారు. తగ్గలేదు. అప్పుడు మిషన్‌ని తిట్టారు. ఆ తిట్లు మెకానిక్ నాకు పూర్తిగా చెప్పలేదు, "చాలా అన్నారండీ" అని ఊరుకున్నాడు. చివరికి అతన్ని పిలిచారు.

అతను స్టూలు మీద కూర్చుని జానెడు కుట్టు వేసి చూశాడు. మిషన్ వెన్నలా నడిచింది.

"నీది మొరటు కాలు. దేన్నయినా తొక్కేస్తావు," అన్నారట అత్తగారు.

"అయితే మీరు తొక్కండి, నేను చూస్తా."

ఆవిడ తొక్కారు. అతను మిషన్‌ని చూడలేదు. నేల మీద కూర్చుని పాదాలు చూశాడు. ఎడమ పాదం ఎప్పటిలా ఉంది. కుడి పాదం చాక్‌పీసులా తెల్లబడి ఉంది. వేలితో ముట్టుకున్నాడు. పెడల్ ఇనుము కన్నా చల్లగా ఉంది.

మా అత్తగారిని అతనే తన వ్యానులో ఆస్పత్రికి తెచ్చాడు. నేను చేరేసరికి ఆవిడ చక్రాల కుర్చీలో ఉన్నారు. ఒళ్లో, మెకానిక్ బాగుచేయడానికి తీసుకెళ్తున్న ఎవరిదో ఓవర్‌లాక్ మిషన్ ఉంది, గుడ్డ అంచులు పోగులు లేవకుండా కుట్టేది. వ్యాను కుదుపులకి అది దెబ్బతింటుందని దారి పొడుగునా పట్టుకున్నారట. దిగాక కూడా వదల్లేదు.

"ఇది కూడా అడ్మిషనేనా?" అన్నాడు కౌంటరు దగ్గర గుమాస్తా.

"దానికేం జబ్బు లేదు. తోడొచ్చింది," అన్నారు అత్తగారు.

స్కాన్ అయ్యాక మమ్మల్ని ఆకుపచ్చ కర్టెన్లు వేలాడుతున్న ఒక గదిలో కూర్చోబెట్టారు. డాక్టరు వయసులో చిన్నది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, ఆ పెన్ను కోసమే బల్ల మీద కాగితాలన్నీ ఎత్తి చూస్తోంది. మా అత్తగారు వేలు పెట్టి తల వైపు చూపించాక దొరికింది.

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"పొద్దున."

"పొద్దున అంటే?"

"పొద్దున అంటే పొద్దునే. పనిలో ఉన్నవాళ్లం గడియారం చూస్తూ కూర్చుంటామా డాక్టరమ్మా?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ఎనిమిది నెలల కిందట ఇంకో ఆస్పత్రిలో ఇంకో డాక్టరు అడిగాడు: ఆయన చివరిసారి ఎన్నింటికి బాగున్నారు? తల బరువుగా ఉందని మా ఆయన భోజనం చేసి పడుకున్నారు. నేను పక్కగదిలో జవాబుపత్రాలు దిద్దుతున్నాను. పడుకోనీ, లేపకు అన్నారు అత్తగారు. డాక్టరు అడిగినప్పుడు నేను మూడు అన్నాను. అత్తగారు రెండు అన్నారు. అతను మా ఇద్దరి మొహాలూ చూసి ఏదో రాసుకున్నాడు. మందు ఇచ్చారు. తలలోని గడ్డ కరగలేదు, ఆయన దక్కలేదు. ఆ రెండు గురించీ మూడు గురించీ మేమిద్దరం ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"తొమ్మిదీ పది," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ మెకానిక్.

డాక్టరు అతని వైపు చూసింది. "మీకెలా తెలుసు?"

అతను చొక్కా జేబులోంచి ఒక అట్టకార్డు తీశాడు. అతను బాగుచేసే ప్రతి మిషన్ సొరుగులోనూ అలాంటి కార్డు ఒకటి ఉంటుంది. వెళ్లగానే, స్క్రూడ్రైవర్ తీయకముందే, కస్టమర్ చెప్పింది చెప్పినట్టు అందులో రాసుకుంటాడు. తర్వాత మాట మారుస్తారని అతని అనుభవం. మా అత్తగారు కాలి సంగతి అడిగితే పొద్దున అని ఊరుకున్నారు గానీ, మిషన్ సంగతి కాబట్టి అతనికి నిమిషాలతో సహా చెప్పారు. రేడియోలో వార్తలు అయిపోయి, వాతావరణం చెప్పడం మొదలుపెట్టినప్పుడు.

డాక్టరు కార్డు తీసుకుని పైకి చదివింది.

"ఎప్పటినుంచి: ఉదయం తొమ్మిదీ పది. ఫిర్యాదు: పెడల్ బరువు, పెడల్‌కి తిమ్మిరి. తనిఖీ: మిషన్ బాగుంది. లోపం: కుడి కాలు. సలహా: వెంటనే ఆస్పత్రి."

ఇంకోసారి మనసులో చదువుకుంది. "మా జూనియర్లు ఇంత శుభ్రంగా రాయరు. ఇది ఫైల్లో పెట్టుకోనా?"

"కాపీ తీసుకోండి డాక్టరుగారూ. అసలుది సొరుగులోనే ఉండాలి."

అప్పుడామె కుర్చీ ముందుకు లాక్కుని చెప్పింది. అత్తగారి గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అక్కడ పేరుకున్న రక్తం గడ్డ ఒకటి జారి, మోకాలి వెనక రక్తనాళంలో ఇరుక్కుంది. ఆపరేషన్ చేసి తీయాలంటే మత్తు ఇవ్వాలి, ఆ గుండె తట్టుకుంటుందో లేదో. అందుకని సన్నటి గొట్టం గడ్డ దాకా పంపి, గడ్డని కరిగించే మందు నెమ్మదిగా వదులుతారు.

"ఇప్పుడు పన్నెండున్నర. మూడు లోపు మొదలుపెడితే కాలు దక్కే అవకాశం బాగా ఉంది. దాటితే నేను మాట ఇవ్వలేను."

"కరిగించే మందంటే, మా వాడికిచ్చినదేనా?" అత్తగారు అడిగింది డాక్టర్ని కాదు, నన్ను.

"అదే అత్తయ్యా."

"అయితే వద్దు."

"కాలు తీసేయాల్సి రావచ్చమ్మా," అంది డాక్టరు.

"తీసేస్తే తీసేశారు. మిషన్‌కి కరెంటు మోటారు పెట్టించుకుంటా. వీడు బిగిస్తాడు."

"నేను బిగించను," అన్నాడు మెకానిక్.

"ఏం?"

"ఆ మోటారుని కూడా కాలితోనే నొక్కాలి పిన్నిగారూ."

డాక్టరు లేచింది. ఇరవై నిమిషాల్లో వస్తాననీ, ఈలోగా మాట్లాడుకోమనీ చెప్పింది. వెళ్తూ నావైపు చూసిన చూపు నాకు తెలుసు. తరగతి మొత్తానికి అర్థం కానప్పుడు నేను మొదటి బెంచీ వైపు అలాగే చూస్తాను.

అత్తగారు ఓవర్‌లాక్ మిషన్‌ని ఒళ్లోకి ఇంకాస్త లాక్కున్నారు. "ఆ మందు వట్టిది. చూశాం కదా. చేతికి గుచ్చారు. అది తలకి పోయిందో బొటనవేలికి పోయిందో ఎవరు చూశారు? పారే కాలవలో చెంచాడు చక్కెర పోసినట్టు."

ఈ ఎనిమిది నెలల్లో ఆ మందు గురించి నేను చాలా చదివాను. ఏ తరగతి సిలబస్‌కీ అంత అక్కర్లేదు. చదివినదంతా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. దాన్ని ఎవరికీ చూపించలేదు, ఎవరూ అడగలేదు.

"కొట్టుకుపోదు అత్తయ్యా. పట్టుకుంటుంది."

"దేన్ని?"

"దారాన్ని."

దారం అనేసరికి ఆవిడ నావైపు తిరిగారు.

"రక్తం గడ్డంటే వట్టి ముద్ద కాదు," అన్నాను. "సన్నటి పోగులతో అల్లిన వల. రక్తకణాలు దాంట్లో చిక్కుకుని ఉంటాయి. ఈ మందు ఒక ప్రోటీను. దానికి కొక్కెం లాంటి మడతలుంటాయి. అవి ఆ పోగు మీద సరిగ్గా పట్టేస్తాయి. పారే రక్తంలో ఉన్నంతసేపూ అది దాదాపు ఊరికే తిరుగుతుంది. పోగు దొరికాకే పనిలోకి దిగుతుంది."

"దొరికితే కోస్తుందా?"

"తను కొయ్యదు. కత్తెర వేరే ఉంది. అది మన రక్తంలోనే ఎప్పుడూ ఉంటుంది, మూసి పెట్టినట్టు. అది కూడా వచ్చి అదే పోగుని పట్టుకుంటుంది. మందు దాని పక్కన కూర్చుని దాన్ని తెరుస్తుంది. రెండూ ఒకే పోగు మీద పక్కపక్కన చేరితేనే కోత."

"అత్తాకోడళ్లలాగా అన్నమాట," అన్నాడు మెకానిక్.

మేమిద్దరం అతని వైపు చూశాం.

"మా ఇంటి సంగతి చెప్పానండీ," అన్నాడు.

"నువ్వింకా పోలేదా?" అన్నారు అత్తగారు.

"ఎలా పోను? ఓవర్‌లాక్ మీ ఒళ్లో ఉంది."

ఆవిడ దాని మీదనుంచి ఒక చెయ్యి తీసి నడుముకున్న గుడ్డసంచిలో పెట్టారు. కొలత టేపు, సుద్ద, గుండీలు అన్నీ ఒకసారి కదిలాయి. కుట్లు విప్పే కొక్కెం బయటికి వచ్చింది. అరచేతిలో ఇమిడేంత పిడి, కొసన చీలిన రెండు మొనలు, ఆ చీలిక మధ్యలో పదును.

"చూపించు."

"దేని మీద?"

"ఆ కర్టెన్ అంచు చూడు, ఎవరు కుట్టారో గానీ. వచ్చిన దగ్గర్నుంచీ కంట్లో నలుసులా ఉంది."

ఆస్పత్రి సొత్తు పాడుచేయకూడదని నాకు తెలుసు. మా బడిలో బల్లల మీద పేర్లు చెక్కే పిల్లల చేత నేనే వంద సార్లు రాయిస్తాను. అయినా లేచి కర్టెన్ అంచు పట్టుకున్నాను. కొక్కెంతో కుట్టు మీద గీశాను. ఏమీ తెగలేదు.

"అలా కాదమ్మాయ్. పైపైన గీకుతున్నావు. ఈ పొడుగు మొన దారం కిందికి దూరాలి. ముందు పట్టు చిక్కాలి. పట్టు లేకుండా పదునుంటే ఏం లాభం?"

"నేను చెబుతున్నదీ అదే అత్తయ్యా."

"ఇటియ్యి."

కర్టెన్‌ని ఆవిడ దగ్గరికి లాగి పట్టుకున్నాను. మొన దారం కిందికి దూరింది. చిన్న చప్పుడుతో ఒక కుట్టు తెగింది.

"చూడు. ఒకటి తెగితే రెండు కొసలు. ఇందాకటిదాకా పట్టుకోవడానికి చోటే లేదా? ఇప్పుడు రెండు చోట్లు. కొస లేస్తే ఇంక అదే పిలుస్తుంది." మాట్లాడుతూనే ఆవిడ పట్టుకున్నారు, తెంపారు, లాగారు. అంచు గజం పొడుగున కిందికి జారింది.

నేను కర్టెన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా నోటుబుక్కులో ఆ సంగతి ఒక వాక్యంగా ఉంది. రెండుసార్లు రాసుకున్నాను, రెండుసార్లూ నాకది కనబడలేదు.

"గడ్డలో కూడా ఇంతే," అన్నాను. "పోగు తెగిన ప్రతిచోటా కొత్త కొసలు లేస్తాయి. ఆ కొసల్ని పట్టుకోవడానికి ఇంకొన్ని వస్తాయి. అందుకే మొదట నెమ్మదిగా, తర్వాత జోరుగా విడిపోతుంది."

ఆవిడ చెయ్యి ఆగింది.

"మరి వాడికెందుకు విడిపోలేదు?"

మెకానిక్ వచ్చి ఆవిడ ఒళ్లోంచి ఓవర్‌లాక్ మిషన్ తీసుకున్నాడు. ఆవిడ అడ్డుపెట్టలేదు. దాన్ని పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

"ఆలస్యమైంది అత్తయ్యా," అన్నాను. "గంటలు గడిచేకొద్దీ వల బిగుసుకుంటుంది. పోగుకీ పోగుకీ మధ్య ముడులు పడతాయి. కొక్కెం దూరడానికి సందు మిగలదు."

ఆవిడ చేతిలో ఉన్న అంచుని బొటనవేలితో రుద్దారు. తర్వాత పనివాళ్లు పని గురించి మాట్లాడుకునే గొంతుతో అన్నారు.

"పాత కోట్లు తెస్తారు సైజు తగ్గించమని. ఏళ్ల తరబడి ఉతికి, ఇస్త్రీ చేసినవి. దారం గుడ్డలోకి కూరుకుపోయి ఉంటుంది. ఎంత మంచి కొక్కెమైనా జారిపోతుంది. అది కొక్కెం తప్పు కాదు."

"కాదు."

"విప్పేవాళ్ల తప్పు కూడా కాదు."

తెలియని ప్రశ్నకి తెలియదని చెప్పడం నా పద్ధతి. ఆ మాటకి బదులు నేల మీద పడిన దారపు ముక్కలు ఏరసాగాను.

అప్పుడు నర్సు లోపలికి వచ్చి, నేల మీద పొర్లుతున్న కర్టెన్‌నీ, అత్తగారి చేతిలోని కొక్కెంనీ చూసింది.

"ఏం చేస్తున్నారు ఇక్కడ?"

"పాఠం," అన్నారు అత్తగారు.

"కర్టెన్ చింపుకునా?"

"చింపలేదు, విప్పాం. తేడా ఉంది. అసలు దీన్ని కుట్టినవాళ్లని పిలిచి అడగాలి నువ్వు. నా కాలు నాకివ్వండి, ఈ అంతస్తులో కర్టెన్లన్నీ నేనే కుట్టి ఇస్తా."

నర్సు కొక్కెం తీసుకుని ఒక పళ్లెంలో పెట్టి, పైన గుడ్డ కప్పింది. బహుశా రోగి దగ్గర పదునైన వస్తువు దొరికితే అలా చేయాలని నియమం ఉండి ఉంటుంది.

డాక్టరు పదినిమిషాలు ముందే వచ్చింది.

"గడ్డ వయసెంత?" అన్నారు అత్తగారు.

డాక్టరు కార్డు కాపీ చూసింది. "మెకానిక్ గారి లెక్క ప్రకారం మూడు గంటల నలభై నిమిషాలు."

"పచ్చి కుట్టు. ఇంకా ఇస్త్రీ పడలేదు. పెట్టండి."

డాక్టరుకి ఆ మాట ఎక్కడిదో అర్థం కాలేదు గానీ చివరి ముక్క అర్థమైంది. అయినా సంతకం పెట్టాల్సిన కాగితం వెంటనే ఇవ్వలేదు. చెప్పాల్సింది చెప్పింది. ఈ మందు ఒంట్లో ఇంకెక్కడైనా మానుతున్న గాయాన్ని కూడా విప్పేయవచ్చు, రక్తం కారవచ్చు. అరుదుగా తలలో కారుతుంది, అప్పుడు ప్రాణానికే ముప్పు. అందుకే గంటగంటకీ చూస్తూ ఉంటారు.

"అంటే మంచి కుట్లు కూడా ఊడొచ్చు," అన్నారు అత్తగారు. నావైపు తిరిగారు. "టీచరమ్మా, నువ్వేమంటావు?"

ఎగతాళి చేయాలన్నప్పుడే ఆవిడ నన్ను టీచరమ్మా అంటారు. అప్పుడు గొంతులో ఎగతాళి లేదు.

"ప్రమాదం ఉంది," అన్నాను. "మందు పెట్టకపోతే ఉన్న ప్రమాదం కన్నా తక్కువ. నేనైతే పెట్టించుకుంటాను."

ఆవిడ సంతకం చేశారు. కాగితం తిరిగి ఇస్తూ డాక్టరు కోటు వైపు చూశారు. "ఆ రెండో గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. నా కాలి సంగతి తర్వాత, ముందు అది చూసుకో."

ఒంటిగంటా ఇరవై అయిదుకి మందు మొదలుపెట్టారు. ఆ సమయం నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మెకానిక్ కార్డు మీద రాసుకున్నాడు. నర్సు చార్టులో రాసుకుంది. ముగ్గురిదీ ఒకటే.

మర్నాడు ఉదయానికి అత్తగారి పాదం గులాబీ రంగుకి తిరిగింది. వేళ్లు మండుతున్నాయని, సూదులు గుచ్చుతున్నట్టుందని ఆవిడ వార్డంతా వినబడేలా చెప్పారు. డాక్టరు పాదం పట్టుకుని నవ్వుతూ నిలబడింది.

"చూడమ్మాయ్, నేను మండుతోందంటే ఈమె నవ్వుతోంది."

"మండాలమ్మా. స్పర్శ తిరిగొస్తోంది."

మెకానిక్ కూడా చూడ్డానికి వచ్చాడు. అడిగి, ఒక వేలితో పాదం ముట్టుకుని, తల ఊపాడు. "పెడల్ కన్నా వెచ్చగా ఉంది," అన్నాడు. డాక్టరు కోటుకి రెండో గుండీ లేదు. దాని చోట పిన్నీసు ఉంది. అత్తగారు దాన్ని చూసి మొహం తిప్పుకున్నారు.

మూడు వారాల తర్వాత ఒక సెలవురోజు ఉదయం ఆవిడ మళ్లీ మిషన్ ముందు కూర్చున్నారు. పక్కన కుర్చీ మీద పదకొండు ఆకుపచ్చ కర్టెన్లు మడతపెట్టి ఉన్నాయి. వాటిని మెకానిక్ వ్యానులో ఆస్పత్రి నుంచి తెచ్చాడు. నేను ఎదురుగా కూర్చుని అంచులు మడిచి గుండుసూదులు పెడుతున్నాను. రేడియోలో వార్తలు వస్తున్నాయి.

ఆవిడ కుడి పాదం పెడల్ మీద పెట్టారు. తొక్కలేదు.

"ఆ రోజు నువ్వు మూడని ఎందుకు చెప్పావు?" అన్నారు కర్టెన్ వైపే చూస్తూ.

నేను చేతిలో ఉన్న గుండుసూదిని గుడ్డలో దింపాను. "తెలియదు అత్తయ్యా. పేపర్లు దిద్దుతున్నాను, గడియారం చూడలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పాను. మీరు?"

"నేనూ అంతే."

వార్తలు అయిపోయాయి. రేపు ఎండ కాస్తుందని చెబుతున్నారు. ఆవిడ తొక్కారు. చక్రం తిరిగింది, సూది లేచి దిగింది, అంచు మూరెడు ముందుకు పాకింది. ఆగి కాలు ఒకసారి చూసుకుని, సొరుగు లాగి కార్డు నా ముందుకి తోశారు.

"రాయి. తొమ్మిదీ పది, పెడల్ తేలిక."

రాశాను.

"సరిగ్గా రాయి. రేపు ఎవరైనా అడిగితే ఇద్దరం ఒకటే చెప్పాలి."